కండక్టరుగారి రెండో మాట

మా వృత్తికి తెలుగులో ఒదిగే పేరు ఇప్పటికీ లేదు. తెనాలిలో పని మొదలుపెట్టిన కొత్తలో తలుపు మీద ‘స్పీచ్ థెరపిస్టు’ అని రాయిస్తే, వచ్చినవాళ్ళు అది చదివి, డాక్టరుగారు ఎప్పుడొస్తారని నన్నే అడిగేవాళ్ళు. మాటలు ఆలస్యమైన పిల్లల తల్లులు మాత్రం ‘మాటల డాక్టరమ్మ’ అని పేరు పెట్టేశారు. వాళ్ళ వెంట వచ్చిన మగవాళ్ళలో ఒకరైనా, మా ఆవిడకి మాటలు తగ్గించే మందు కూడా ఉందా అని అడక్కుండా వెళ్ళేవారు కాదు. ఆ జోకు లోకంలో తమకొక్కరికే తట్టిందన్నట్టు అడిగేవాళ్ళు. మొదటి ఏడాది నవ్వాను, తర్వాత మానేశాను.

ఈ మధ్య మా చదువే చదువుకుంటున్న పిల్లలు కొందరు వచ్చి, మీరు బాగుచేసిన కేసు ఒకటి రాసివ్వండి అన్నారు. బాగుచేసినవి ఉన్నాయి. నత్తి తగ్గి పెళ్ళిపందిట్లో మైకు పట్టుకున్నవాడు ఉన్నాడు. గొంతు పోయి, మళ్ళీ బడికి వెళ్ళి పాఠం చెప్పుకున్న పంతులమ్మ ఉంది. వాళ్ళ గురించి రాయబుద్ధి కావడం లేదు. అవి చదివితే ఈ పని అంతా మన చేతిలోనే ఉందని మీరు అనుకుంటారు. అందుకని ఇది రాస్తున్నాను. ఇందులో నేను నేర్పిన మాట రోగికి వచ్చింది. రోగి దక్కలేదు.

అప్పటికి తొంభైల్లో సగం గడిచాయి. తెనాలిలో ఒక చెవి, ముక్కు, గొంతు డాక్టరుగారి ఆస్పత్రిలో వెనక గది నాది. మంగళవారం బాపట్ల, శుక్రవారం రేపల్లె వెళ్ళేదాన్ని. ఆ రెండు చోట్లా ఆయనకు తెలిసిన డాక్టర్లు ఒక బల్ల, రెండు కుర్చీలు ఇచ్చేవాళ్ళు. డాక్టరుగారిది మంచి హస్తవాసి, నోరు మాత్రం పుల్లన. కత్తికి లొంగనివన్నీ మీకేనండీ అంటూ కేసులు పంపేవారు. జీతం దగ్గర పిసినారి, టీ దగ్గర ధర్మాత్ముడు. నా పని మీద ఆయనకున్న నమ్మకం అంతంతమాత్రమే అయినా, నా ముందు తప్ప ఎక్కడా ఆ మాట అనలేదు.

కండక్టరుగారిని పంపింది ఆయనే. యాభై దాటిన మనిషి. రేపల్లె నుంచి చుట్టుపక్కల పల్లెలకు తిరిగే బస్సుల మీద జీవితమంతా గడిపారు. దారిలో ఊళ్ళన్నీ ఒక్క ఊపిరిలో అప్పజెప్పే గొంతు ఆయనదని, బస్టాండులో ఆయన కేక వింటే బియ్యం మిల్లులో హమాలీలు టైము తెలుసుకునేవాళ్ళని భార్య చెప్పింది. ఒక ఉదయం డ్యూటీకి బయల్దేరుతూ చెప్పులు వేసుకుంటుంటే పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. మాట పోయింది. మింగడం చెడింది.

మాట మొత్తం పోలేదు, అదే వచ్చిన చిక్కు. పక్షవాతం వచ్చి భాష దెబ్బతిన్నవాళ్ళకు, రోజుకు వందసార్లు అని అని అరిగిపోయిన మాట ఒక్కటి కొన్నిసార్లు మిగిలిపోతుంది. కొందరికి దేవుడి పేరు మిగులుతుంది, కొందరికి బూతు మిగులుతుంది. ఈయనకు ‘రైట్’ మిగిలింది. బస్సు కదలాలంటే కండక్టరు అనే మాట. ఆకలేస్తోందా అంటే రైట్. కాలు నొప్పా అంటే రైట్. మీ పేరేంటి అంటే, కాసేపు కళ్ళతో వెతుక్కుని, రైట్. అనాలనుకున్నది అది కాదని ఆయనకు తెలుసు. అని వెంటనే తల అడ్డంగా ఊపేవారు, కానీ ఎదుటివాళ్ళు మాట విన్నాక తల వంక చూస్తారా?

ఇక మింగడం. గొంతులో అన్నం దారి, గాలి దారి పక్కపక్కనే ఉంటాయి. మనం మింగినప్పుడల్లా గాలి దారి మూసుకుంటుంది. ఈయనకు ఆ తలుపు ఆలస్యంగా పడేది. చిక్కగా ఉన్నది మెల్లగా జారుతుంది కాబట్టి తలుపు పడేదాకా ఆగుతుంది. నీళ్ళలాంటిది ఆగదు, నేరుగా ఊపిరితిత్తుల్లోకి పోతుంది. పోయినా కొందరికి దగ్గు రాదు. ఈయనకూ రాదు. మీరు ఎప్పుడూ మర్చిపోకూడని సంగతి ఇదొక్కటే: దగ్గినవాడి కంటే దగ్గనివాడికే ప్రమాదం ఎక్కువ.

ఇది మన ఇళ్ళల్లో చెప్పి ఒప్పించడం చెవిటివాడి ముందు శంఖం ఊదడమే. పొలమారితే, ఎవరో తలుచుకుంటున్నారని నెత్తి మీద తట్టి నీళ్ళు తాగించే జనం మనం. పొలమారకపోతే, శుభ్రంగా మింగాడు అంటాం. కండక్టరుగారి భార్య ఒక్కతే నేను చెప్పింది చెప్పినట్టు చేసింది. రాగిజావ గరిట జారుడుగా కాదు, ముద్దకు దగ్గరగా కాచేది. గడ్డం రొమ్ముకు ఆనించి, చెంచాడు పెట్టి, రెండుసార్లు మింగేదాకా ఆగేది. అప్పటిదాకా పాలు పోయడానికి ముక్కులో పెట్టిన గొట్టం తీసేశాం. ఒంటికి కాస్త కండ పట్టింది.

చిక్కు వచ్చింది చూడ్డానికి వచ్చేవాళ్ళతో. రేపల్లెలో కండక్టరంటే సగం తాలూకాకు చుట్టమే. డ్రైవర్లు, మిల్లు గుమాస్తాలు, చర్చివాళ్ళు, చంటిపిల్లలతో ఆయన బస్సెక్కి ఇప్పుడు ఆ పిల్లల పిల్లలతో ఎక్కుతున్న ఆడవాళ్ళు, అందరూ వచ్చేవాళ్ళు. ఒట్టి చేతుల్తో ఎవరొస్తారు? కొబ్బరిబోండాలు, బత్తాయిలు, గ్లూకోజు డబ్బాలు. తెచ్చినవాళ్ళు తమ చేత్తో రెండు గుక్కలు తాగించి, ఆయన తాగడం కళ్ళారా చూసి వెళ్ళాలి. తాగుతారా అని ఆయన్నే అడిగేవాళ్ళు కూడా. ఆయన రైట్ అనేవారు.

భార్య వాకిట్లోనే అందరినీ ఆపేది. ఒక్క మనిషిని మాత్రం ఆపలేకపోయేది. బాపట్లలో ఒక ఆడపిల్లల హాస్టల్లో వంట చేసే పెద్దావిడ, కండక్టరుగారి అక్క. తల్లిదండ్రులు పోయాక తమ్ముణ్ణి ఆవిడే పెంచింది. పెళ్ళి చేసుకోలేదు. తెల్లచీర, కళ్ళజోడు, చేతిసంచిలో పాత బైబిలు. మనిషి నిదానం, మాట మెత్తన. కోప్పడే మనిషైతే ఎదురు చెప్పవచ్చు. మెత్తనివాళ్ళకు ఎదురు చెప్పడం మా వృత్తిలో ఎవరూ నేర్పలేదు.

ఆవిడ మొదటిసారి వచ్చినప్పుడు, మరదలు వంటింట్లో ఉండగా తమ్ముడికి బోండాం నీళ్ళు పట్టించింది. మూడో రోజుకు జ్వరం, ఆయాసం. తెనాలి తీసుకొచ్చి ఆస్పత్రిలో పెట్టారు. ఆ వారం గండం గట్టెక్కింది. నేను ఆవిణ్ణి కూర్చోబెట్టి, బొమ్మ గీసి, గొంతులో రెండు దారులూ చూపించి అంతా చెప్పాను. శ్రద్ధగా విన్నది, అలాగేనమ్మా అంది. లేచి వెళ్తూ, నా చెయ్యి పట్టుకుని మెల్లగా చెప్పింది.

“నా చేత్తో పెట్టింది వాడికి చెడు చెయ్యదమ్మా. చూడండి, ప్రార్థన చేశాను, తేరుకున్నాడు.”

ఆ సాయంత్రం డాక్టరుగారితో అన్నాను, ఈయనకు వద్దు అనడం నేర్పాలి అని. అందరూ అమ్మ, నీళ్ళు, అన్నం అని మొదలుపెడతారు, మీరేంటండీ వద్దుతో మొదలుపెడతారు అని ఆయన నవ్వారు. ఈయనకు ఇచ్చేవాళ్ళకు కొదవ లేదండీ, ఆపే దిక్కే లేదు అన్నాను. ఆయన నవ్వు ఆపి, టీ తెప్పించారు.

బస్సు ఆపడానికి కండక్టర్లు అనే ‘హోల్డాన్’తో ముందు ప్రయత్నించాం, నోటికి అలవాటైన మాట కదా అని. అది రాలేదు. ‘వద్దు’ మీద కూర్చున్నాం. ఎడమ అరచెయ్యి అడ్డం పెట్టడం, పెదవి పంటికి ఆనించడం, నా నోరు చూస్తూ అనడం. చెంచాడు మంచినీళ్ళు ఎదురుగా పెట్టుకుని అదే పని. చెంచా దగ్గరికొచ్చేది, ఆయన రైట్ అనేవారు, అని ఏడ్చేవారు. నిజంగానే ఏడ్చేవారు. భార్య పక్కకు తిరిగి కొంగుతో మొహం తుడుచుకునేది. శుక్రవారాలు గడిచాయి, ఎండలు పోయి వానలు పడ్డాయి. రేపల్లె నుంచి తిరుగు రైల్లో కూర్చుని, ఎందుకొచ్చిన చదువు అనుకున్న రోజులు చాలా ఉన్నాయి.

ఒక శుక్రవారం చెంచా మీద చెయ్యి అడ్డం పెట్టి, “వ...ద్దు” అన్నారు. గొంతు బొంగురుగా, మాట మాత్రం స్పష్టంగా ఉంది. నేను మళ్ళీ చెంచా జరిపాను. మళ్ళీ అన్నారు. ఆ తర్వాత వారం భార్య బత్తాయి రసం చూపిస్తే అన్నారు, పక్కింటాయన సోడా తెస్తే అన్నారు. పక్కింటాయన చిన్నబుచ్చుకుని సోడా తనే తాగి వెళ్ళాడని చెబుతూ భార్య నవ్వింది. ఆవిడ నవ్వగా నేను చూడటం అదే మొదలు. ఇక ఈయన బతుకుతాడు అనుకున్నాను.

ఆ కబురు రేపల్లె దాటి బాపట్ల చేరింది. అక్కగారు ఉపవాసం ఉండి మొక్కుకుందట. తమ్ముడికి మాట వస్తే కృతజ్ఞత కూడిక పెట్టిస్తానని. క్రైస్తవుల ఇళ్ళల్లో అది మామూలే. మేలు జరిగితే సంఘాన్ని ఇంటికి పిలిచి, పాటలు పాడి, ప్రార్థన చేసి, వచ్చినవాళ్ళ నోరు తీపి చేస్తారు. నాకు వీలుగా ఉంటుందని శుక్రవారం సాయంత్రం పెట్టారు. ఆయనకు ఏమీ పెట్టకూడదని భార్యకు ముందే చెప్పాను. ఆయన జావ వేరే కాచి పెట్టాను మేడం అంది.

వెళ్ళేసరికి ఇల్లు, వాకిలి నిండిపోయి ఉన్నాయి. చాపల మీద ఆడవాళ్ళు, పిల్లలు, గోడవారగా బెంచీల మీద మగవాళ్ళు. సగంమంది బస్సు డిపో మనుషులే. కండక్టరుగారిని ఇస్త్రీ చొక్కా తొడిగి గదిగుమ్మంలో కుర్చీలో కూర్చోబెట్టారు. నన్ను అతిథినంటూ అటు చివర వీధి కిటికీ పక్కన మంచి కుర్చీలో కూర్చోబెట్టి, సేమ్యా పాయసం గిన్నె ఇచ్చారు. వద్దండి అన్నాను, ఇంకో గరిట వేశారు. మన వైపు వద్దు అనే మాటకు విలువ అంతే. వడ్డించేవాళ్ళు దాన్ని మర్యాద అనుకుంటారు. మొదటి వద్దుకు చెయ్యి ఆపితే పెట్టడం రానివాళ్ళ కింద లెక్క.

అయ్యగారు ప్రార్థన చేశారు. పాస్టరుగారిని వాళ్ళు అయ్యగారు అనే అంటారు. కండక్టరుగారి ఎడమ చెయ్యి తన రెండు చేతుల్లోకి తీసుకుని, కళ్ళు మూసుకుని, చాలాసేపు చేశారు. ఆమెన్ అన్నాక కూడా ఆ చెయ్యి వదల్లేదు. ఇప్పుడు మన సహోదరుడు నోరు తెరిచి దేవుణ్ణి స్తుతిస్తాడు అన్నారు. అందరూ ఆయన నోటి వంకే చూశారు.

అప్పుడు అక్కగారు లోపల్నుంచి వచ్చింది, చేతిలో గిన్నె, చెంచా. పల్చటి పాలలో తేలే సేమ్యా. మింగలేని మనిషికి అంతకంటే చెడ్డది వంటింట్లో ఇంకొకటి లేదు. నేను లేచాను. నాకూ ఆయనకూ మధ్య ఇల్లంతా మనుషులే. చెంచా నోటి దగ్గరికి వచ్చింది. ఆయన చెయ్యి ఎత్తబోయారు, అది అయ్యగారి చేతుల్లో ఉంది. అక్క మొహంలోకి చూసి, గట్టిగా అన్నారు.

“వద్దు.”

ఇల్లంతా స్తోత్రం అంది. ఎవరో చప్పట్లు కొట్టారు. అక్కగారి కళ్ళు ధారలు కడుతున్నాయి. ఏడుస్తూ, నవ్వుతూ చెంచా నోట్లో పెట్టింది. ఆయన మళ్ళీ వద్దు అన్నారు. మళ్ళీ స్తోత్రం. ఒక డ్రైవరు తన పిల్లవాణ్ణి భుజాల మీదికి ఎత్తుకుని చూపిస్తున్నాడు. పెట్టకండి, పెట్టకండి అని నేను అరుస్తూనే ఉన్నాను, ఆ హడావిడిలో నా మాట నాకే వినపడలేదు. ఆడవాళ్ళ కాళ్ళు తొక్కుకుంటూ చేరేసరికి గిన్నె సగం ఖాళీ అయింది. ఆయన మాట అనడం మానేసి నోరు తెరుస్తున్నారు. ఒక్క దగ్గు లేదు.

గిన్నె లాక్కున్నాను. ఆయన వద్దంటున్నారు కదండీ అన్నాను. అక్కగారు నా భుజం మీద తల ఆనించి ఏడ్చింది. “అన్నాడమ్మా, మావాడు మాట్లాడాడు” అంది.

తెల్లవారి ఒళ్ళు వెచ్చబడింది. ఆదివారానికి తెనాలి ఆస్పత్రిలో ఉన్నారు. ఈసారి ఊపిరితిత్తులు రెండూ చెడ్డాయని ఆయన్ని చూస్తున్న పెద్ద డాక్టరు చెప్పారు. మా డాక్టరుగారు నాతో పాటు వచ్చి చూసి, వరండాలోకి వచ్చాక, కొండనాలిక్కి మందేస్తే అని మొదలుపెట్టి, నా మొహం చూసి ఊరుకున్నారు. నిజం చెప్పాలంటే ఆ మాట పూర్తిచేసినా నాకు కోపం వచ్చేది కాదు. మాట రాకపోతే కూడిక ఉండేది కాదు, కూడిక లేకపోతే పాయసం ఉండేది కాదు. ఇన్నేళ్ళలో ఈ లెక్కకు మరో జవాబు నాకు దొరకలేదు.

మంచం పక్కన అక్కగారు బైబిలు పట్టుకుని కూర్చునేది. నేను వంగి, మాట ఉందో పోయిందో చూద్దామని, వద్దు అనండి అని ఆయన్ని అడిగాను. పెదవి పంటికి ఆనింది. కళ్ళు అక్క వైపు తిరిగాయి. ఆవిడ ఆయన్నే చూస్తోంది. పెదవి మళ్ళీ మూసుకుంది. మాట పోలేదు, ఆవిడ ముందు అనడం ఇష్టం లేకపోయింది. మంగళవారం నేను బాపట్ల వెళ్ళి వచ్చేసరికి ఆయన లేరు.

సమాధి దగ్గర భార్య నన్ను పక్కకు తీసుకెళ్ళింది. ఆయన వద్దు అనడం తను వంటింటి గుమ్మంలోంచి విన్నానని చెప్పింది. రెండుసార్లూ విన్నదట. “వదినగారి చెయ్యి పట్టుకోలేకపోయాను మేడం. ఆయన్ని పెంచిన చెయ్యి కదా” అంది. తర్వాత నా చెయ్యి పట్టుకుని, ఆ పాయసం సంగతి వదినగారికి ఎప్పుడూ చెప్పవద్దని ఒట్టు వేయించుకుంది. పాయసం వల్ల పోయాడని తెలిస్తే ఆవిడ బతకదు అంది. సరే అన్నాను.

రెండు నెలల తర్వాత, ఒక మంగళవారం అక్కగారు బాపట్లలో నేను కూర్చునే ఆస్పత్రికి వచ్చింది. చీటీ రాయించుకోకుండా అందరూ వెళ్ళేదాకా బెంచీ మీద కూర్చుంది. లోపలికి వచ్చి ఆరోగ్యం అడిగింది, మా పిల్లల సంగతి అడిగింది. తర్వాత, ఆ రోజు తమ్ముడు అన్న మాట ఏంటమ్మా అని అడిగింది.

నేను వేసిన ఒట్టు గుర్తుంది. ఆవిడ కళ్ళల్లోకి చూడకుండా, అక్కా అన్నారండి, మిమ్మల్నే పిలిచారు అన్నాను.

ఆవిడ కళ్ళజోడు తీసి చీరకొంగుతో తుడుచుకుని మళ్ళీ పెట్టుకుంది.

“లేదమ్మా. వద్దు అన్నాడు. నేను దగ్గరే ఉన్నాను కదా, విన్నాను. మా అమ్మ పోయాక ఒక ముద్దే ఉంటే, వాడు నాకు వద్దక్కా అనేవాడు, నేను తినాలని. వాడు వద్దన్నప్పుడల్లా బలవంతంగా పెట్టాను. అట్టా పెట్టబట్టే బతికాడమ్మా వాడు.”